మూడు టన్నుల సొట్ట

లోంగ్‌ఫోర్స్,
1957 మార్చి 11, సోమవారం

గున్నెల్‌కు,

"ఎవర్ట్ బాబాయి చేసిన ఇరుసులు మెత్తగా ఉన్నాయని యంత్రం చెప్పింది" అని రాశావు. యంత్రం ఏమీ చెప్పదు. ఇక్కడి ఉక్కు కర్మాగారం పరీక్షల గదిలో ఇరవయ్యారేళ్లు దాని పక్కనే కూర్చున్నాను, ఒక్కనాడూ దాని నోట ఒక్క మాట వినలేదు. గోలీ అంత ఉక్కు గుండును మూడు టన్నుల బరువుతో ఉక్కు మీద అదిమి, సొట్ట పెట్టి, పైకి లేచిపోతుంది. అంతవరకే దాని పని. ఆ సొట్ట ఎంత వెడల్పుందో భూతద్దంలో చూసేది మనిషి. ఆ వెడల్పును పట్టికలో వెతికి, ఎదురుగా ఉన్న అంకె రాసేది మనిషి. సొట్ట వెడల్పైతే ఉక్కు మెత్తన, ఇరుకైతే గట్టిది. కాబట్టి "యంత్రం చెప్పింది" అని ఇంకెప్పుడూ రాయకు. "నేను చెప్పాను" అని రాయి. రాసేటప్పుడు చెయ్యి కాస్త ఆగుతుంది. ఆగాలి.

ఇంకో సంగతి. "పాపం, ఆయనకు వయసైపోయింది, కొలిమిలో రంగు కళ్లకు ఆనడం లేదట" అని కూడా రాశావు. ఆ "ట" ఎవరి నోటి నుంచి వచ్చింది? మీ ఇంజనీరు సాండేలియుస్ నోటి నుంచే అయ్యుంటుంది. ఎవర్ట్‌కు అరవై ఒకటి. ఉక్కును కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ సన్నగా కాచి గట్టిపరిచే పని మీ తాతయ్య దగ్గరే నేర్చాడు. మీ తాతయ్య లోకంలో అందరినీ తిట్టేవారు, ఎవర్ట్‌నూ తిట్టేవారు. కానీ కొలిమి తలుపు తెరిచినప్పుడు మాత్రం అతని పక్కన నిలబడి నోరు మూసుకునేవారు. నేను చూశాను.

మూడు వారాలుగా అతని ఇరుసులు తక్కువ అంకె చూపిస్తున్నాయని, ఇలాగే ఉంటే అతన్ని కొలిమి నుంచి దింపేస్తారని నువ్వే రాశావు. కొలిమి నుంచి దింపినవాడికి ఏం పని ఇస్తారో నువ్వు రాయలేదు, నేను చెబుతాను. పెరట్లో తుక్కు ఏరిస్తారు. నలభై ఏళ్లు నిప్పును చదివినవాడి చేతికి పార ఇస్తారు. అదీ నీ అంకెల మీద. అందుకని అడుగుతున్నాను, ఒక్కొక్కదానికీ జవాబు రాయి.

ఇరుసు మీది మాడు పొరను సానబట్టి తీశావా? కొలిమిలోంచి వచ్చిన ఉక్కుకు పైన ఒక చర్మం ఉంటుంది, లోపలికంటే మెత్తన. దాని మీదే గుండు దింపితే చొక్కాను తూచి మనిషి బరువు చెప్పినట్టు. అంచుకు దగ్గరగా నొక్కావా? అక్కడ ఉక్కు పక్కకు జారుకుంటుంది, సొట్ట పెద్దదవుతుంది. సొట్టను ఒకవైపే కొలిచావా, పావు చుట్టు తిప్పి రెండోవైపూ కొలిచి సగటు తీశావా? చిన్నప్పుడు వంటింటి బల్ల తుడిచినట్టు కొలుస్తున్నావేమోనని నా అనుమానం: కనిపించిన చోట, ఒక్కసారి.

చెరువులో మంచు ఇంకా గట్టిగానే ఉంది, దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. పక్కింటి హుల్డా, అందరం వాడే బట్టలుతికే గదిలోని వంతుల కాగితంలో, నా వంతు రోజు తన పేరు రాసుకుంది. రబ్బరుతో చెరిపి నా పేరు రాశాను. మళ్లీ చెరిపింది. కాగితానికి చిల్లు పడింది. ఇప్పుడు ఇద్దరిదీ కాదు.

మోకాలు మామూలే. నువ్వు మామూలుగా లేవని మాత్రం తెలుస్తోంది.

కోపంగానే ఉన్న
నాయనమ్మ టెక్లా


ఎస్కిల్‌స్టూనా,
మార్చి 14

నాయనమ్మా,

నీ ఉత్తరాన్ని క్యాంటీన్‌లో అందరి ముందూ విప్పడం నా బుద్ధితక్కువ. ముఖం ఎర్రబడితే, పక్కనున్న బ్రిత్తా "ప్రేమలేఖా?" అంది. "మా నాయనమ్మ" అన్నాను. "ఓహో" అని జాలిగా చూసింది.

నీ ప్రశ్నలకు జవాబులు. మాడు పొర తీశాను. తీసి, చదును చేసి, సన్నని ఉప్పుకాగితంతో కూడా రుద్దాను. అంచుకు మూడు సొట్టల దూరం వదిలాను. పావు చుట్టు తిప్పి రెండుసార్లు కొలిచాను, నాకే నమ్మకం లేక మర్నాడు మళ్లీ కొలిచాను. అంకె మూడు వందలకు తగ్గకూడదు. వచ్చినవి 287, 290, 285, 288. మూడు వారాలుగా ఇదే వరస. సొట్టలో ఒక మిల్లీమీటరులో పదోవంతు తేడా, అంతే. కానీ గనుల్లో తిరిగే ఇరుసులు అవి. మెత్తనివి పంపితే అక్కడ ఎవరి మీదో విరుగుతాయి. అది నీకు తెలియదా?

నేనేదో సరదాకి బాబాయి మెడకు ఉరి బిగిస్తున్నట్టు రాశావు. ఆయన్ను స్వయంగా పిలిచి భూతద్దంలో చూపించాను. చాలాసేపు చూశారు. చూసి, "సొట్ట వెడల్పుగానే ఉందమ్మా. నువ్వు సరిగ్గానే చదివావు" అన్నారు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయారు. ఒక్క మాట వాదించలేదు. తప్పు తనది కానివాడు అలా ఊరుకుంటాడా, నాయనమ్మా? నాకైతే ఆయన ఒప్పుకున్నట్టే అనిపించింది.

సాండేలియుస్ గారిని నువ్వు ఊరికే ఆడిపోసుకుంటున్నావు. ఆయన నాతో ఎప్పుడూ గట్టిగా మాట్లాడలేదు. గత నెల ఇరవైన నార్వే నుంచి కొనుగోలుదారులు వచ్చినప్పుడు, యంత్రం దగ్గర నిలబడి చూపించే పని నాకే ఇచ్చారు. నువ్వు అల్లిన తెల్ల కాలరు వేసుకున్నాను. కేకు కూడా పెట్టారు, బాదం కేకు. మొదట ఒక ఇరుసు మీద సొట్ట పెట్టి చూపించాం. తర్వాత ఆయనకు హుషారు వచ్చి, కొత్త ఆకురాయి ఒకటి తెప్పించి దాని మీదా గుండు నొక్కించారు. సొట్ట కనబడనే లేదు. వచ్చినవాళ్లలో ఒకావిడ "మీ యంత్రం ఓడిపోయిందే" అంది, అందరూ నవ్వారు. కాలరు ఎవరు అల్లారని కూడా ఆవిడే అడిగింది. చెప్పాను.

నాకు తెలిసిందల్లా ఒక్కటే. తాతయ్య దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడూ నీ దృష్టిలో దేవుడే. నీ సొంత మనవరాలు మాత్రం బల్ల తుడవడం రానిది.

గున్నెల్


లోంగ్‌ఫోర్స్,
మార్చి 17, ఆదివారం

గున్నెల్‌కు,

నీ ఉత్తరంలో అసలు వాక్యాన్ని బాదం కేకుకీ నా కాలరుకీ మధ్యన దాచావు. ఆకురాయి మీద గుండు నొక్కారని. ఆ వాక్యం మళ్లీ చదువుకో. నేను నాలుగుసార్లు చదివాను, చదివిన ప్రతిసారీ కాఫీ చల్లారిపోయింది.

మీ ఇంజనీరు ఏ కళాశాలలో చదివాడో నాకు తెలియదు, ఇతను చేసిన పని ఆ కళాశాలవాళ్లకు తెలియనివ్వకు. కొలిచేది కొలవబడేదానికంటే గట్టిదై ఉండాలి. ఈ విద్యలో మొదటి పాఠం అదే, చివరి పాఠమూ అదే. వెన్నలో చెంచా గుచ్చితే వెన్నకు గుంట పడుతుంది. చెంచా మీద చెంచా పెట్టి నొక్కితే? మీ గుండు ఉక్కుదే, ఆకురాయీ ఉక్కుదే. ఇనుప వస్తువుల్లో ఆకురాయంత గట్టిది ఇంకోటి ఉండదు, ఎందుకంటే మిగతావాటిని అరగదీయడమే దాని బతుకు. మూడు టన్నులు పెట్టి రెండింటినీ ఢీకొట్టించాడు. ఆకురాయి మీద సొట్ట కనబడలేదని నవ్వారు కదా. సొట్ట పడింది, తల్లీ. గుండుకు పడింది. దాని అడుగు చదునైపోయింది. యంత్రం దాన్ని పట్టుకునే ఒరలో గుండు తిరగదు, ఎప్పుడూ అదే ముఖం కిందికి ఉంటుంది. ఆ చదును ముఖంతో ఆ తర్వాత దేన్ని నొక్కినా సొట్ట లోతుకు దిగక వెడల్పుకు పోతుంది. ఎంత మంచి ఉక్కైనా మెత్తగానే కనిపిస్తుంది.

తేదీలు చూసుకో. ఆకురాయి ఇరవైన. నీ మూడు వారాలు ఎప్పుడు మొదలయ్యాయి? ఎవర్ట్ కళ్లు సరిగ్గా నార్వేవాళ్లు వెళ్లిన మర్నాడే మసకబారాయా? ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు. దాన్ని ఓడు చేసినవాడు కేకు తిన్నాడు, ఆడినవాణ్ణి దింపేస్తున్నారు.

నువ్వు సరిగ్గా కొలవలేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. సొట్టను సరిగ్గానే కొలిచావు. బల్ల సంగతి మాత్రం వెనక్కి తీసుకోను.

ఇప్పుడు నాకు అర్థంకానిది అడుగుతున్నాను. మా కాలంలో ప్రతి యంత్రం పక్కనా ఒక ఉక్కు దిమ్మ ఉండేది. దాని గట్టిదనం ఎంతో ముందే కొలిచి, అంకె దాని మీదే చెక్కి ఉంచేవారు. మేమంతా దాన్ని సాక్షి అనేవాళ్లం. ప్రతి సోమవారం పని మొదలయ్యేముందు సాక్షి మీద ఒక సొట్ట పెట్టాలి. వచ్చిన అంకె, చెక్కిన అంకె కలిస్తేనే యంత్రం నిజం పలుకుతున్నట్టు. కలిసిందని పుస్తకంలో సంతకం పెట్టాకే మిగతా పని. మీ దగ్గరా ఆ పుస్తకం ఉందని, సోమవారం సంతకం నీదేనని నాకు గొప్పగా రాశావు పోయిన ఏడాది. మరి ఫిబ్రవరి ఇరవై అయిదు, సోమవారం నాడు సాక్షి ఏం చెప్పింది? చెడిపోయిన గుండు ఆ రోజే పట్టుబడాలి కదా. ఆ అంకె నాకు రాసి పంపు.

ఎవర్ట్‌కు కూడా రాస్తున్నాను, పోయింది కళ్లా నోరా అని. అతని మౌనం నాకు మింగుడు పడలేదు. తనకు చూపు తగ్గిందని తనే నమ్మేశాడేమో, అభిమానం కొద్దీ ఊరుకున్నాడేమో. మగవాళ్లకు అదొక జబ్బు.

హుల్డా క్షమాపణగా క్యారెట్లు పంపింది. మెత్తబడిపోయినవి.

నాయనమ్మ


ఎస్కిల్‌స్టూనా,
మార్చి 21

నాయనమ్మా,

ఈ ఉత్తరం చదివాక స్టవ్‌లో వేసెయ్యి. నువ్వు వెయ్యవని తెలుసు, అయినా అడుగుతున్నాను.

ఫిబ్రవరి ఇరవై అయిదు నాడు సాక్షి ఏమీ చెప్పలేదు. దాన్ని ఎవరూ అడగలేదు. జనవరి మొదట్లోనే దిమ్మ ముఖమంతా సొట్టలతో నిండిపోయింది, ఇంకోటి పెట్టడానికి చోటు లేదు. సాండేలియుస్ గారు దాన్ని తన బీరువాలో పెట్టి తాళం వేశారు. కొత్తదానికి రాశానని, వచ్చేదాకా పోయిన వారం అంకే వేసెయ్యమని చెప్పారు. యంత్రం ఎప్పుడూ చెడింది లేదు కదా, నాలుగు రోజుల సంగతే అన్నారు. నేను వేశాను. మొదటి సోమవారం చెయ్యి ఆగింది. రెండో సోమవారం ఆగలేదు. ఇప్పటికి పది సోమవారాలు. పదింటి కిందా నా పేరే ఉంది, నీకు నచ్చే గుండ్రటి అక్షరాలతో.

నిన్న ధైర్యం చేసి, గుండు బయటికి తీసి కొలుద్దామా అని ఆయన్ను అడిగాను. నవ్వి, మీ నాయనమ్మ రిటైరై ఎన్నేళ్లయింది అన్నారు. నువ్వు రాసినట్టు నేను చెప్పనే లేదు, క్యాంటీన్ మాటలు ఆయన దాకా పోయినట్టున్నాయి. ఆ తర్వాత తలుపు దగ్గరగా వేసి, నెమ్మదిగా అన్న మాట ఇది:

"గుండు తీద్దాం గున్నెల్. తీస్తే పుస్తకం కూడా తియ్యాలి. అందులో నా సంతకం ఎక్కడైనా కనిపించిందా మీకు?"

అప్పుడు కూడా ఆయన గొంతు పెంచలేదు.

బాబాయిని సోమవారమే కొలిమి నుంచి దింపేశారు. నువ్వు చెప్పినట్టే, పెరట్లో తుక్కు. నా కిటికీలోంచి కనిపిస్తారు. వంగినప్పుడు టోపీ పడిపోతుంది, తీసి పెట్టుకుంటారు. కొలిమి దగ్గర ఆయన స్థానంలో పెట్టిన మనిషికి అంకెలు ఇంకా తక్కువ వస్తున్నాయి. ఎవరూ ఏమీ అనుకోవడం లేదు, కొత్తవాడు కదా అంటున్నారు.

బయటపెడితే నన్ను తీసేస్తారు. తీసేయడమే కాదు, దొంగ సంతకాల పిల్ల అని ఈ ఊళ్లో ఏ కర్మాగారమూ గడప తొక్కనివ్వదు. నువ్వు ఎవరికీ రాయకు. మేనేజరుకు అసలే రాయకు. బాబాయికి రాసిన ఉత్తరంలో ఏం రాశావో అని భయంగా ఉంది. ఆయన నావైపు చూడటం మానేశారు. నన్ను అసహ్యించుకుంటున్నారు, తెలుస్తూనే ఉంది.

గున్నెల్


లోంగ్‌ఫోర్స్,
మార్చి 25

గున్నెల్‌కు,

ఉత్తరం స్టవ్‌లో వెయ్యలేదు. ఇవాళ వాఫుల్స్ పండుగ, ఇంటింటా గళ్ల అట్లు కాల్చుకునే రోజు. పిండి కలిపి, ఇనుప పళ్లెం వేడిచేసి, మొదటి వాఫుల్ మాడ్చి, రెండోదీ మాడ్చి, స్టవ్ ఆర్పేసి నీకు రాస్తున్నాను.

నిన్న ఎవర్ట్ వచ్చాడు. నా ఉత్తరానికి జవాబు రాయడం చేతకాక రెండు బస్సులు మారి వచ్చాడు. కాఫీ సాసరులో పోసుకుని, పళ్ల మధ్య చక్కెర ముక్క పెట్టుకుని, అరగంట వాతావరణం గురించి మాట్లాడాడు. చివరికి నేనే అడిగాను, కళ్లకేమైందని.

"కళ్లకేం కాలేదు టెక్లా గారూ. మీ కిటికీ తెరకు కుట్టు ఊడింది, ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది" అన్నాడు.

"మరి నోటికి?"

సాసరు కింద పెట్టాడు. ఆకురాయి నొక్కిన రోజు తను ఆ గదిలోనే ఉన్నాడట. నార్వేవాళ్లకు చూపించడానికి ఇరుసు తెమ్మంటే తెచ్చి, గోడవార నిలబడ్డాడు. గుండు దిగినప్పుడు వచ్చిన చప్పుడుకే తెలిసిపోయిందన్నాడు. ఆ తర్వాత రోజూ తన ఇరుసుల్ని పాత పద్ధతిలో ఆకురాయి అంచుతో గీసి చూసుకుంటూనే ఉన్నాడు. నలభై ఏళ్లుగా ఎలా జారిందో ఇప్పుడూ అలాగే జారుతోందట. మెత్తబడితే కరుచుకునేది. అంటే తన ఉక్కు బాగుందని తెలుసు, గుండు చెడిందని తెలుసు, ఎవరు చెడగొట్టారో తెలుసు. తెలిసి నీ భూతద్దంలో చూసి, "సరిగ్గానే చదివావు" అని వెళ్లిపోయాడు. అబద్ధం చెప్పలేదు చూడు. నువ్వు సరిగ్గానే చదివావు.

ఎందుకు ఊరుకున్నావురా అని అడిగాను. అరవై ఒక్కేళ్లవాణ్ణి "రా" అన్నానంటే ఎంత ఒళ్లు మండిందో ఊహించుకో.

"చెప్పాననుకోండి" అన్నాడు. "గుండు చెడిందనగానే మొదట తెరిచేది సోమవారం పుస్తకం. సాక్షి దిమ్మ జనవరి నుంచి బీరువాలో ఉన్న సంగతి కొలిమి గదిలో అందరికీ తెలుసు. ఆ పుస్తకంలో ఉన్నది ఎవరి పేరు? ఆ పిల్లకు ఇరవై మూడు. నాకు రిటైరవడానికి ఇంకో నాలుగేళ్లు. కొలిమి ముందైనా, పెరట్లోనైనా, నాలుగేళ్లు నాలుగేళ్లే."

అసహ్యించుకుంటున్నాడని రాశావు కదా. ఈ మనిషిని నువ్వు తప్పు చదవడం ఇది రెండోసారి.

ఇక్కడ నేను కరిగిపోయి కళ్లు తుడుచుకున్నానని అనుకోకు. నా మనవరాలి అబద్ధాన్ని నీ కొలిమి పెట్టి కొనమని నిన్నెవరడిగారని ఎవర్ట్‌ను చడామడా దులిపాను. దయ చూపిస్తున్నాననుకున్నాడు. ఒక మెత్తని ఇంజనీరుకు కొమ్ము కాస్తున్నాడని, ఆ చెడ్డ గుండు కింద రేపు నిజంగా మెత్తని ఇరుసుకు కూడా ఎవడో సాకు వెతికి పాస్ చేస్తాడని తోచలేదు. ఈ సంగతి నీతో చెప్పనని నా చేత మాట తీసుకున్నాడు. ఇచ్చాను. ఈ ఉత్తరం ఆ మాట తప్పడమే. డెబ్బై మూడేళ్ల వయసులో మాట తప్పడం ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. బాగానే ఉంది.

నేను మేనేజరుకు రాయను. రాయవద్దన్నావని కాదు. నేను రాస్తే అది ఒక ముసలిదాని ఫిర్యాదు అవుతుంది, సాండేలియుస్ నవ్వి నా రిటైర్మెంటు ఏడు అడుగుతాడు. ఆ పుస్తకంలో నా సంతకం లేదు. నీ సంతకం ఉంది. ఇన్నాళ్లూ దాని విలువ ఎంతో నీకు తెలియదు, ఇప్పుడు నీ కిటికీలోంచి కనిపిస్తోంది. వంగినప్పుడల్లా దాని టోపీ పడిపోతోంది.

ఉద్యోగం పోతుందని భయమా? పోవచ్చు. నిన్ను ఓదార్చను. పది సోమవారాలు నువ్వు రాసింది తప్పు, పదకొండోది ఇవాళ. ఇవాళ ఏం రాశావో నాకు తెలియదు.

టెక్లా


ఎస్కిల్‌స్టూనా,
ఏప్రిల్ 3

నాయనమ్మా,

పదకొండో సోమవారం ఏమీ రాయలేదు. ఖాళీగా వదిలేశాను. నీ ఉత్తరం ఆ తర్వాత రెండు రోజులకు అందింది. చదివి మొదట నీ మీదే కోపం వచ్చింది, తర్వాత బాబాయి మీద వచ్చింది, ఆ తర్వాత ఇంకెవరూ మిగల్లేదు.

గురువారం పొద్దున పుస్తకం పట్టుకుని వర్క్స్ మేనేజరు గదికి వెళ్లాను. లోపలికి వెళ్లేముందు, మెట్ల మీద కూర్చుని, పది సోమవారాల పక్కనా "పరీక్ష చేయలేదు" అని రాసి, మళ్లీ సంతకం పెట్టాను. ఆయన చదివినంతసేపూ కూర్చోమనలేదు. సాండేలియుస్ గారిని పిలిపించారు. కొత్త దిమ్మకు రాసిన ఉత్తరం ఏదని అడిగితే, సాండేలియుస్ గారు వెతికి వెతికి తన సొరుగులోంచే తీశారు. జనవరిలో రాసిందే. పంపలేదు.

వృత్తి పాఠశాల నుంచి ఒక సాక్షి దిమ్మ అరువు తెచ్చాం. దాని మీద 300 అని చెక్కి ఉంది. మా గుండుతో నొక్కితే 279 వచ్చింది. మేనేజరు స్వయంగా భూతద్దంలో చూశారు, చూసి గుండు తియ్యమన్నారు. గుండు బయటికి తీశాం. అడుగున ఒక మసక మచ్చ, పెసరగింజంత. ఒక దిక్కున కొలిస్తే సరిగ్గా పది మిల్లీమీటర్లు, మచ్చ మీదుగా కొలిస్తే నాలుగు వందోవంతులు తక్కువ. నాలుగు వందోవంతులు, నాయనమ్మా. నా వెంట్రుక కూడా అంతకంటే లావు.

కొత్త గుండు వేశాం. సాక్షి మీద 301. బాబాయి ఇరుసుల్ని ఒక్కొక్కటే మళ్లీ నొక్కాను, ఇరవై రెండింటినీ. 309, 312, 308. ఒక్కటి కూడా తప్పలేదు.

నన్ను తీసేయలేదు. రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు, సోమవారం పుస్తకం ఇంకొకరికి అప్పగించారు. సాండేలియుస్ గారు నివేదికలో "మామూలు నిర్వహణలో భాగంగా గుండు మార్చడమైనది" అని రాశారు. ఆకురాయి మాట అందులో లేదు.

బాబాయి సోమవారం కొలిమి దగ్గరికి తిరిగి వెళ్లారు. ఫోర్‌మన్ పెరట్లోకి వెళ్లి "రండి" అన్నాడట, అంతే. కానీ దింపినప్పుడు క్యాంటీన్ గుమ్మం పక్కన నోటీసు బోర్డుకు నాలుగు పిన్నులతో గుచ్చిన కాగితం ఇంకా అలాగే ఉంది. "గట్టిపరిచే పనిలో లోపం కారణంగా ఎవర్ట్ హ్యెల్మ్‌ను" అంటూ మొదలవుతుంది. కింద నా అంకెలు, వాటి కింద పరీక్షించినవారు అని నా పేరు. తీసేస్తారా అని అడిగాను. "గోల చేయకండి, కొత్త నోటీసులు వస్తే అదే కిందికి పోతుంది" అన్నారు సాండేలియుస్ గారు. బాబాయి రోజూ దాని ముందు నుంచే భోజనానికి వెళ్తున్నారు. నావైపు ఇప్పటికీ చూడటం లేదు.

మానేద్దామనుకుంటున్నాను. నది ఒడ్డున చేతి తొడుగుల దుకాణంలో మనిషి కావాలట.

గున్నెల్


లోంగ్‌ఫోర్స్,
ఏప్రిల్ 7, ఆదివారం

గున్నెల్‌కు,

చేతి తొడుగుల దుకాణం మంచిదే. అక్కడా కొలతలే. చిన్న తొడుగులో పెద్ద చెయ్యి దూర్చి, చెయ్యిదే తప్పు అనే గిరాకీలు రోజుకు పదిమంది వస్తారు. నీకు సాండేలియుస్ గుర్తొస్తాడు. కాబట్టి ఉన్నచోటే ఉండు.

"మామూలు నిర్వహణ" అన్న మాట చదివి, అద్దాలు తీసి బల్ల మీద పెట్టేశాను. నేను పనిచేసిన ఇరవయ్యారేళ్లలో పరీక్షల గది ఆడవాళ్లు ఎన్ని గుండ్లు మార్చారో, ఎన్ని సాక్షులకు చోటు లేక కొత్తవి అడిగారో, ఒక్కరి పేరూ ఏ నివేదికలోనూ లేదు. తప్పు చేసినవాడి పేరు కూడా ఉండదని ఇవాళ తెలిసింది. ఒక్క నీ పేరు ఉంది, ఎవర్ట్ పేరు ఉంది. సరే. ఉన్న పేర్లనే చూసుకుందాం.

నువ్వు రాసిన "పరీక్ష చేయలేదు" అన్న రెండు మాటలూ పదిసార్లు. అవి బాగున్నాయి. ఇంతకంటే మెచ్చుకోవడం నాకు చేతకాదు.

ఎవర్ట్ నీవైపు చూడకపోవడానికి కారణం నేను. మాట తప్పానని రెండు వాక్యాల ఉత్తరం రాశాడు. మొదటిది: "మీరు చెప్పకుండా ఉండాల్సింది." రెండోది: "ఆ పిల్ల మేనేజరు గదికి ఒక్కతే వెళ్లిందట." ఆ రెండో వాక్యం ఎందుకు రాశాడో అతనికే తెలియదు. నీ ముఖం చూస్తే ఏదో ఒకటి మాట్లాడాలి కదా, అందుకని చూడటం లేదు. కొలిమి ముందు తప్ప ఎక్కడ నిలబడాలో తెలియని మనిషి.

కానీ ఆ కాగితం అక్కడ ఉండటానికి వీల్లేదు. కొత్త నోటీసుల కిందికి పోవడమేమిటి? దాని పైన వంద కాగితాలు గుచ్చినా అది ఉన్నట్టే. పెట్టింది కంపెనీ కావచ్చు, అందులో అంకె నీది, పేరు నీది. నీది నువ్వు తీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సాయంత్రం అందరూ వెళ్లాక తీస్తానని అనకు. అలా తీస్తే అది ఎలుక పని అవుతుంది.

ఈ గురువారం, పన్నెండు గంటలకు. బఠానీ సూపు రోజున వరుస బోర్డు దాటి పెరటి దాకా ఉంటుందని నువ్వే ఒకప్పుడు రాశావు. నువ్వూ వరుసలో నిలబడు. ముందుకు తోసుకోవద్దు. బోర్డు దగ్గరికి నీ వంతు వచ్చినప్పుడు ఆగు, వెనకవాళ్లు విసుక్కుంటే విసుక్కోనీ. గోళ్లతో పీకితే మూలలు చిరుగుతాయి, చిన్న చాకు తీసుకెళ్లు. పై రెండు పిన్నులు చివర్న తియ్యి, లేకపోతే కాగితం కిందపడుతుంది, అందరూ చూస్తుండగా నువ్వు నేల మీద దేవులాడాల్సి వస్తుంది. మడత ఒక్కటే పెట్టు, రాత లోపలికి ఉండేలా. ఎవర్ట్ గోడవార చివరి బల్ల దగ్గర కూర్చుంటాడు. అతని చేతికియ్యి. ఉపన్యాసం వద్దు, ఏడుపు వద్దు. "ఇందులో అంకెలు తప్పు, రాసింది నేను" అని పక్క బల్లకు వినబడేలా చెప్పి, వచ్చి సూపు తాగు. ఆవాలముద్ద కలుపుకో, లేకపోతే చప్పగా ఉంటుంది.

పిన్నులు మాత్రం నాలుగూ బోర్డుకే గుచ్చి రా. అవి కంపెనీవి.

నాయనమ్మ